పదకొండు గంటల దూరం

ఆఫీసులో అతన్ని అందరూ కొలబద్ద అంటారు. ఎదురుపడితే కొలబద్ద గారు. ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు గాని అతికినట్టు సరిపోయింది, అతనికీ లోలోపల నచ్చింది. ఏ విమానాశ్రయం నుంచి ఏ విమానాశ్రయానికి ఎంత దూరం, ఎంతసేపు పడుతుంది, నేరుగా విమానం ఉందా, మధ్యలో మారాలా అని జనం నెట్‌లో వెతికితే కనపడే పేజీలు తయారుచేసే కంపెనీ అది. పాతికమంది కూచుని రాస్తారు. రాసినవన్నీ చివరికి కొలబద్ద బల్ల మీదికి వస్తాయి. అతను చూసి సరే అంటేనే లోకానికి కనపడతాయి.

పట్టింపు ఎక్కువ. గాల్లో ఎగిరే సేపు వేరు, విమానం తలుపు మూసినప్పటి నుంచి మళ్ళీ తెరిచేదాకా పట్టే సేపు వేరు అని కొత్తగా చేరినవాళ్ళకల్లా క్లాసు పీకుతాడు. "దూరం మారదమ్మా, నిన్న ఎంతో ఇవాళా అంతే. మారేది సమయం. కొత్త విమానం వేస్తారు, పాతది తీసేస్తారు. మీరు నిద్రపోతే పేజీ పాచిపోతుంది." పాచి అన్నది ఆ ఆఫీసు మాట. అసలు సమయం మారిపోయినా పేజీలో పాతదే ఉండిపోతే దాన్ని పాచి అంటారు. ఇది పాచి అని కొలబద్ద ఒక్క ముక్క అన్నాడంటే రాసినవాళ్ళ ముఖం మాడిపోతుంది. అంతటితో ఊరుకోడు కూడా. "తెలియక రాస్తే పొరపాటు. తెలిసీ మార్చకపోతే మాత్రం అబద్ధమే" అని అందరికీ వినపడేలా అంటాడు.

ఇప్పుడు చెప్పబోయేది ఈ మాట అన్న పెద్దమనిషి సంగతే.

అతనికి ఒక అక్క. ఎనిమిదేళ్ళు పెద్ద. ఇంకో నగరాన్ని ఆనుకుని ఉన్న చిన్న ఊళ్ళో బట్టలు కుట్టే కొట్టు నడుపుతుంది. చొక్కాలు, స్కూలు యూనిఫారాలు కుడుతుంది. మొదట్లో ఆ నగరానికి నేరుగా విమానం ఉండేది కాదు. ఒక విమానంలో మధ్య ఊరికి వెళ్ళి, అక్కడ కుర్చీల్లో పడిగాపులు పడి, రెండోది ఎక్కాలి. అన్నీ కలిపి పదకొండు గంటలు. మొదటిసారి వెళ్ళినప్పుడు ఎంతసేపు పట్టిందిరా అని అక్క అడిగితే అదే చెప్పాడు. అప్పటికది అక్షరాలా నిజం.

అక్క ఆ అంకెను గుండెలో పెట్టుకుంది. చొక్కా కుట్టించుకోవడానికి వచ్చిన మనిషి భుజాల మీద టేపు పెట్టి, "మా తమ్ముడు రెండు విమానాలు మారి వస్తాడండీ, పదకొండు గంటలు" అని చెప్పేది. తమ్ముడు దూరంగా ఉన్నాడన్న దిగులు కొంత, అంత దూరంలో ఉండేంతవాడయ్యాడన్న గొప్ప కొంత.

ఆరేళ్ళ కిందట నేరుగా విమానం వేశారు. యాభై అయిదు నిమిషాలు. ఆ పేజీ పాచి అని పట్టుకుని సరిదిద్దించింది కొలబద్దే. ఆ సాయంత్రమే అక్క ఫోన్ చేసింది. "తిన్నావా?" అని మొదలుపెట్టింది. పొద్దున చేసినా మధ్యాహ్నం చేసినా ఆమె ఫోన్ అలాగే మొదలవుతుంది. అవీ ఇవీ మాట్లాడాక, "వచ్చే నెల ఓసారి రాకూడదూ? అయినా పదకొండు గంటలు, నువ్వు మాత్రం ఏం చేస్తావులే పాపం" అంది. చెప్పేద్దామని మాట నాలిక చివరిదాకా వచ్చింది. "ఆఁ" అన్నాడు.

ఎందుకు చెప్పలేదంటే, ఏదైనా పెద్ద కారణం ఉంటే కథకి బాగుండేది. లేదు. అక్కతో పొట్లాట లేదు, బావతో మాట పట్టింపు లేదు. ఆదివారం పొద్దెక్కేదాకా పడుకోవడం అతనికి ఇష్టం. బావ కబుర్లు మొదలుపెడితే ఒక పట్టాన వదలడు. అక్కావాళ్ళ పక్క గదిలో ఫ్యాను రాత్రంతా కిర్రు కిర్రుమంటుంది. ఇవీ ఘనమైన కారణాలు. యాభై అయిదు నిమిషాలే అని తెలిస్తే నెలకోసారి రమ్మంటుంది, రాకపోతే ప్రతిసారీ ఏదో ఒకటి చెప్పుకోవాలి. పదకొండు గంటలయితే ఏమీ చెప్పక్కర్లేదు. అక్కే చెప్పుకుంటుంది, అక్కే సర్దుకుంటుంది.

భార్యకి ఈ సంగతి తెలుసు. "వదినకి చెప్పెయ్యకూడదూ" అని ఒకసారి అంది. "నేనేమన్నా అబద్ధం చెప్పానా?" అని కసురుకున్నాడు. ఆమె మళ్ళీ ఎత్తలేదు. ఆమెకీ ఆదివారాలు ఖాళీగా ఉండటం బాగానే ఉంది.

నిజమే, అతను అబద్ధం చెప్పలేదు. తనకి తాను చెప్పుకునే సమాధానం అదే. నేరు విమానం వచ్చాక పదకొండు గంటలన్న మాట తన నోటి నుంచి ఒక్కసారి కూడా రాలేదు. అక్క అంటుంది, తను ఊఁ కొడతాడు. ఊఁ కొట్టడం కూడా అబద్ధమేనా అని తన మనస్సాక్షితో వకీలులా వాదించి, తీర్పు తనకే ఇచ్చుకున్నాడు. బావకి కడుపు ఆపరేషన్ అయినప్పుడు అక్క, "అంత దూరం నుంచి పరిగెత్తుకు రావద్దు, నేను చూసుకుంటాను" అంది. ఊఁ అన్నాడు. ఆ వారం ఇంట్లో కర్టెన్లు మార్చుకున్నారు.

ఇక ఇప్పుడు చెప్పేది అతను ఎవరికీ చెప్పనిది, భార్యకి కూడా సగమే తెలిసినది.

రెండేళ్ళ కిందట ఒక సాయంత్రం బావ పోయాడు. కొట్టులో కుర్చీలో కూచున్నవాడు కూచున్నట్టే ఒరిగిపోయాడు. అక్క మరిది ఫోన్ చేశాడు. "వెంటనే బయల్దేరు. నువ్వొచ్చేదాకా ఆగుదామనే నేను అంటున్నాను, వదినే వద్దంటోంది." వెనక నుంచి అక్క ఫోన్ అందుకుంది. "కంగారుపడకురా. రెండు విమానాలు మారాలి, జాగ్రత్త. ఏమైనా తిని బయల్దేరు."

ఎనిమిదింటికి నేరు విమానం ఉందని అతనికి తెలుసు. ఆ వేళలన్నీ కంఠతా పట్టిన మనిషి. కాని ఆ రాత్రే మేనేజరు ఇంట్లో భోజనం. కొత్త సెక్షన్ హెడ్డు ఎవరో అక్కడే చెబుతారని వారం రోజులుగా ఆఫీసంతా గుసగుసలు. అక్కావాళ్ళు ఎటూ తనని మర్నాడు పొద్దెక్కాక గాని రాడనుకుంటున్నారు. పొద్దున్నే మొదటి విమానం ఎక్కితే సరిపోతుంది కదా అనుకున్నాడు. వెళ్ళాడు. వడ్డించిందంతా తిన్నాడు. మేనేజరు వేసిన జోకుకి నవ్వాడు కూడా. సెక్షన్ హెడ్డు పదవి ఇంకెవరికో పోయింది. ఇంటికొచ్చి పడుకుంటే, చెప్పడానికే సిగ్గుగా ఉంది, నిద్ర పట్టింది.

తెల్లారి మొదటి విమానం దిగేసరికి ఏడయింది. అక్కడి నుంచి అక్క ఇల్లు అరగంట. తీరా బయటికి వచ్చాక గుర్తొచ్చింది, ఇంత పెందలాడే వెళ్తే ఎలా వచ్చావని అడుగుతారు. లెక్క కుదరదు. అందుకని వెనక్కి తిరిగి, విమానాశ్రయంలో ప్లాస్టిక్ కుర్చీలో కూచున్నాడు. తొమ్మిదిన్నర దాకా కూచున్నాడు. ఎండెక్కకముందే కానిచ్చేద్దామని పెద్దలు అనడంతో ఎనిమిదింటికే బావని తీసుకెళ్ళిపోయారు. చివరిచూపు దక్కలేదు. గుమ్మంలోకి రాగానే మరిది అందరి ముందూ కడిగేశాడు. "ఒక్కగానొక్క బావమరిదివి, ఈ లోకంలో ఎక్కడున్నా రాత్రికి రాత్రి రాలేకపోయావా? ఇంత రాతిగుండె ఏంటయ్యా నీది?" ఏడుస్తున్న అక్క ఏడుపు ఆపి మరీ లేచింది. "పదకొండు గంటలు ప్రయాణం చేసి వచ్చినవాణ్ణి గుమ్మంలో నిలదీస్తావా? వాడి ముఖం చూడు, ఎలా పీక్కుపోయిందో!" అని మరిది మీద విరుచుకుపడి, తమ్ముడికి వేణ్ణీళ్ళు పెట్టించింది.

అక్కకీ మరిదికీ ఆ తర్వాత చాలాకాలం సరిగ్గా మాటల్లేవు.

మొన్న శనివారం సాయంత్రం టీ తాగుతుండగా కూతురు చెప్పింది. చదువు అయిపోయి కొత్తగా ఉద్యోగంలో చేరింది. మొదటి జీతంతో అందరికీ ఏదో ఒకటి కొంటోంది. "నాన్నా, అత్తకి టికెట్ తీశాను. రేపు పొద్దున ఎనిమిదింటి విమానం. నీకు చెప్పకుండా తేవాలనుకున్నాను గాని కారు నువ్వే తియ్యాలిగా!"

అతను టీ కప్పు బల్ల మీద పెట్టేశాడు. భార్య అతని వైపు చూసింది, అతను గోడ వైపు చూశాడు.

"నేరుగానే తీశావా?" అన్నాడు. అడిగాక తెలిసింది, ఎంత తెలివితక్కువ ప్రశ్నో.

"లేకపోతే? యాభై అయిదు నిమిషాల దానికి మారుతూ రమ్మంటానా అత్తని?" అని నవ్వింది కూతురు. "పొద్దున కొట్టు తెరిచే వేళకి ఇక్కడ ఉంటావు అత్తా అని చెబుదామనుకున్నాను. సిగ్నల్ బాగా లేదు, టికెట్ ఫోన్‌కి పంపించేశాను."

ఆదివారం పొద్దున, ఏళ్ళ తరబడి పొద్దెక్కేదాకా పడుకున్న మనిషి, ఏడింటికే విమానాశ్రయంలో ఉన్నాడు. కూతురు పక్కన నిలబడి ఆవులిస్తోంది. అతను బోర్డు మీద కళ్ళు పెట్టి ఆ విమానం ఆలస్యం కావాలని కోరుకుంటున్నాడు. పొగమంచు పట్టినా సరే, చక్రం గాలి పోయినా సరే. అందరూ తిట్టుకుంటూ ఉంటే తానొక్కడూ సంతోషించడానికి సిద్ధంగా ఉన్నాడు. కాసేపటికి బోర్డు మీద అక్షరాలు కదిలాయి. పది నిమిషాలు ముందే దిగుతోందట. జన్మలో ఒక్కసారి కూడా ముందు దిగని విమానం అది, అతనికి బాగా తెలుసు.

జనం బయటికి వచ్చారు. సూట్‌కేసుల వాళ్ళు వచ్చారు, చంటిపిల్లల వాళ్ళు వచ్చారు, విమానం నడిపిన వాళ్ళు కూడా చక్రాల పెట్టెలు లాక్కుంటూ వెళ్ళిపోయారు. అక్క రాలేదు. ఫోన్ చేస్తే స్విచ్ ఆఫ్. ఎక్కనే లేదేమో అని ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే, అక్క రాకూడదని కోరుకుంటున్నానా అని తన మీద తనకే అసహ్యం వేసింది.

చాలాసేపటికి యూనిఫారం వేసుకున్న ఒక అమ్మాయి చేతిసంచీ పట్టుకుని వచ్చింది. వెనకాల అక్క. చంకలో దిండు, భుజాన శాలువా, చేతిలో పెద్ద టిఫిన్ డబ్బా.

"ఈవిడ మీవాళ్ళేనా సార్? సామాన్లు వచ్చే చోట కుర్చీలో కూచుండిపోయారు. రెండో విమానానికి పిలుస్తారని చూస్తున్నారట. ఇదే ఊరమ్మా, వచ్చేశారు అంటే వినరే! మా తమ్ముడు విమానాల లెక్కలు చూసే ఆఫీసులో పనిచేస్తాడు, వాడికంటే నీకు ఎక్కువ తెలుసా అంటారు."

అక్క అతన్ని చూసింది. ముఖం వెలిగిపోయింది. "ఒరేయ్! నాకోసం మధ్య ఊరికి వచ్చేశావా? ఇంత దూరం ఎందుకు వచ్చావురా, నేను రెండోది ఎక్కలేననుకున్నావా?"

నేల చీలితే లోపలికి పోదామనిపించిన క్షణాలు మనుషులకి ఉంటాయంటారు. కొలబద్దకి ఆ క్షణం అదే.

కూతురు పకపకా నవ్వేసింది. "మధ్య ఊరేంటత్తా? మన ఊరే ఇది. అయిపోయింది, వచ్చేశావు!"

"వచ్చేశానా?" అక్క చుట్టూ చూసింది. "మరి పదకొండు గంటలు?"

"ఎవరు చెప్పారు నీకు? ఆరేళ్ళ నుంచీ నేరుగానే ఉంది. కావాలంటే నాన్న ఆఫీసు పేజీలోనే ఉంటుంది, చూపించనా?" అని ఫోన్ తీసింది కూతురు. పాపం దానికేం తెలుసు, సరదాగా అంటోంది. అక్క ఆ ఫోన్ వైపు చూడలేదు. తమ్ముడి వైపు చూసింది. ఒక్కసారే, ఎక్కువసేపు కూడా కాదు. అతని తల అప్పటికే కిందికి దిగిపోయింది.

"అలాగా," అంది అక్క. "నేనే ఎక్కడో తికమకపడ్డానేమో. వయసైపోతోంది కదా."

కారులో కూతురే గలగలా మాట్లాడింది. కిటికీ సీటు దొరికిందా, భయమేసిందా, తినడానికేమైనా ఇచ్చారా అని అడుగుతూనే ఉంది. అక్క ఒక్కో మాటలో జవాబు చెప్పింది. సంచీలో ఏముంది ఇంత బరువు అని అడిగితే, "చొక్కాలమ్మా. పన్నెండు చొక్కాలకి గుండీలు కుట్టాలి. పదకొండు గంటలు ఊరికే కూచోలేనుగా, దారిలో కుట్టుకోవచ్చని తెచ్చాను" అంది. కాసేపాగి, "రెండు గుండీలు కుట్టేసరికి దింపేశారు" అంది. ఎవరినీ దెప్పే గొంతు కాదది. అందుకే అతను స్టీరింగ్ గట్టిగా పట్టుకున్నాడు.

ఇంటికి చేరేసరికి భార్య గుమ్మంలో ఎదురొచ్చి, "రండి వదినా" అని సంచీ అందుకుంది. ముఖంలో కళ లేదు. కూతురు వెంటనే, "అత్తా, చేరానని మీ మరిదిగారికి ఫోన్ చెయ్యవూ? విమానాశ్రయంలో దింపింది ఆయనేగా, కంగారుపడుతుంటారు" అంది.

"ఇప్పుడొద్దులే," అంది అక్క.

"అదేంటి?"

"సాయంత్రం చేస్తాను. ఏడింటికి." ఇంకేమీ చెప్పకుండా హాల్లో కిటికీ పక్కన కుర్చీ లాక్కుని, సంచీలోంచి చొక్కాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

ఎందుకు ఏడింటికో కూతురికి అర్థం కాలేదు. భార్యకి అర్థమైంది, గబుక్కున వంటింట్లోకి వెళ్ళిపోయింది. కొలబద్దకి లెక్క అక్కర్లేకుండానే అర్థమైంది. ఎనిమిదింటికి విమానం ఎక్కిన మనిషి పదకొండు గంటల తర్వాత చేరాలి మరి.

ఆ రోజు ఆ ఇంట్లో గడిచినట్టు ఆదివారం ఇంకెక్కడా గడిచి ఉండదు. అక్క కుడుతూనే ఉంది. సూదిలో దారం ఎక్కించడం, నాలుగుసార్లు లోపలికీ బయటికీ పోనిచ్చి, అడుగున చుట్టి, ముడి వేసి పంటితో తెంపడం. మధ్యాహ్నం వేడివేడిగా వడ్డించి పిలిస్తే, "దారికని తెచ్చుకున్నదుంది, పారేస్తామా?" అని డబ్బా విప్పి, పొద్దున కట్టుకున్న రొట్టె, ఉడికించిన గుడ్లు ఆ కుర్చీలోనే కూచుని తింది. డబ్బాలో రెండో అర తెరిచి అతనికి అందించింది. అందులో అతనికని వేరే కట్టింది. తమ్ముడు విమానాశ్రయంలో ఎంతసేపు నిలబడాల్సి వస్తుందో, ఆకలేస్తుందని. అతను తీసుకున్నాడు.

కూతురు స్నేహితురాలి ఇంటికి వెళ్ళింది. భార్య వంటింట్లో కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతోంది. కొలబద్ద తేలు కుట్టిన దొంగలా హాల్లో ఈ మూల నుంచి ఆ మూలకి తిరిగి, చివరికి అక్క కుర్చీ పక్కన నేల మీద కూచున్నాడు. చిన్నప్పుడు కూచున్నట్టే. ఇప్పుడు మోకాళ్ళు పట్టేశాయి.

"అక్కా," అన్నాడు. "పాచి అది. ఆ పదకొండు గంటలు. నాకు తెలుసు, నేను సరిచెయ్యలేదు."

అతను ఆఫీసు మాటే వాడాడు. ఇంకే మాటా దొరకలేదు కాబోలు. అక్కకి ఆ మాటలోని మతలబు తెలిసే అవకాశం లేదు. తెలిసినట్టే తల ఊపింది.

"నాకు ఒక్కటే బాధగా ఉందిరా," అంది గుండీ మీద నుంచి కళ్ళు తియ్యకుండా. "మీ బావని ముందు పెట్టుకుని మా మరిది ఆగుదాం వదినా, వాడొస్తాడు అని ఒకటే పోరు. నేనే పడనివ్వలేదు. వాడికి అంతసేపు పడుతుంది, ఎంతసేపని ఆపుతారు అన్నాను. ఒక్కమాట నిన్ను అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు. తప్పు నాదే."

"నీదెందుకవుతుందక్కా..."

"రాత్రంతా అదే ఆలోచన. ఆయన పోయాడన్న బాధలో కూడా, వీడు దారిలో ఎక్కడున్నాడో, కడుపులో ఏమైనా పడిందో లేదో అని." అప్పుడు తలెత్తింది. "ఏమైనా తిన్నావా ఆ రాత్రి?"

రెండేళ్ళ కిందటి రాత్రి భోజనం గురించి ఇప్పుడు అడుగుతోంది. అతను అబద్ధం ఆడెయ్యొచ్చు. లేదక్కా, ఏమీ తినబుద్ధి కాలేదు అనెయ్యొచ్చు. అప్పటికే అంత సిగ్గుపడ్డవాడికి ఇంకో అబద్ధం ఒక లెక్కా? కాని ఆ ముఖం చూస్తూ ఆ మాట అనలేకపోయాడు.

"తిన్నానక్కా," అన్నాడు. "మా మేనేజరుగారింట్లో. విందు ఉండింది. రాత్రి విమానానికి రాగలిగేవాణ్ణి. రాలేదు. పొద్దున ఏడింటికే దిగాను. ఇంత పెందలాడే ఎలా వచ్చావంటారని... విమానాశ్రయంలో కూచుండిపోయాను. తొమ్మిదిన్నర దాకా."

అక్క చేతిలో సూది ఆగింది. గుడ్డలో సగం దిగి ఆగింది. కిటికీ అవతల ఎవరో స్కూటర్ స్టార్ట్ చెయ్యడానికి తంటాలు పడుతున్నారు, అది స్టార్ట్ అయి వెళ్ళిపోయేదాకా ఆమె అలాగే ఉంది. తిడుతుందని ఎదురుచూశాడు. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు. చెంప చెళ్ళుమనిపించినా తల ఒగ్గేవాడే.

"అరగంట దూరంలో కూచున్నావా?" అంది చివరికి, చాలా చిన్నగా.

అతను తల ఊపాడు.

అక్క కన్నీటి చుక్కలు రెండు చొక్కా కాలరు మీద పడితే బొటనవేలితో అద్ది, "ఇది గిరాకీది, మరక పడుతుంది" అంది. సూది పైకి లాగింది. తర్వాత కూడా కుట్టు ఒక్కటీ వంకర పోలేదు. అతను పక్కన కూచుని, అడిగినప్పుడల్లా గుండీలు అందించాడు. ఆ తర్వాత అక్క అతనితో అన్న మాట ఒక్కటే, "ఇంకోటి ఇయ్యి."

పొద్దు వాలేసరికి పన్నెండు చొక్కాలూ పూర్తయ్యాయి. అక్క లేచి ముఖం కడుక్కుని, తల సరిచేసుకుని, గడియారం చూసి ఫోన్ తీసింది. అప్పటికి కూతురు కూడా వచ్చి సోఫాలో కూచుంది. మరిది ఎత్తినట్టున్నాడు.

"ఆఁ, చేరానయ్యా. ఇప్పుడే. లేదు లేదు, ఏ ఇబ్బందీ లేదు. రెండో విమానం దగ్గర కొంచెం తికమకపడ్డాను గాని చూపించారు పాపం. నడుం పట్టేసింది, అంతే. అవును మరి, దూరం కదా! మా తమ్ముడు పొద్దుటి నుంచీ అక్కడే నిలబడి ఉన్నాడు." కాసేపు విన్నది. "ఎందుకయ్యా ఇప్పుడవన్నీ... సరే, నువ్వే చెప్పుకో" అని ఫోన్ తమ్ముడి చేతిలో పెట్టింది.

కూతురు నోరు తెరవబోయింది. భార్య దాని చెయ్యి పట్టుకుంది.

"ఏమయ్యా," అన్నాడు మరిది. మోటు గొంతు మనిషి, మెత్తగా మాట్లాడటం అలవాటు లేదు, తడుముకుంటున్నాడు. "వదిన గొంతు వింటే తెలుస్తోంది, ఎంత అలిసిపోయిందో. ప్రయాణమంటే మాకేం తెలుసు? ఆ రోజు నిన్ను అందరి ముందూ అనరాని మాటలన్నాను. రాతిగుండె అన్నాను. రెండేళ్ళుగా మనసులో పీకుతూనే ఉంది. వదిన ఎంత చెప్పినా వినలేదు నేను. మనసులో పెట్టుకోకు. నన్ను క్షమించు."

ఊఁ కొడితే చాలదు ఇక్కడ. అవతల మనిషి జవాబు కోసం ఆగి ఉన్నాడు. నిజం చెబుదామా అంటే, ఇప్పుడే చేరానని చెప్పిన అక్క అబద్ధాలకోరు అవుతుంది. తిరిగి వెళ్ళి ఆ మరిది పక్కనే బతకాల్సింది ఆమె. ఆరేళ్ళుగా తన నోటి నుంచి రాలేదని గర్వంగా దాచుకున్న మాట ఒకటుంది. అక్క అతని వైపు చూడటం లేదు. వీపు తిప్పుకుని, చొక్కాలు ఒక్కొక్కటే మడతపెట్టి సంచీలో సర్దుతోంది.

"ఫర్లేదండీ," అన్నాడు. "పదకొండు గంటలు కదా. చాలా దూరం."